కాలికి అలవాటైన పని

వెన్నుపూస విరిగి మంచాన పడిన తొమ్మిది నెలలకు, ఈ ఉదయం మా ఆయన కుడికాలు కదిలింది.

"కాలికి బాగా అలవాటైన పని ఒకటి మనసులో అనుకుని, గట్టిగా ప్రయత్నించన్నా" అన్నాడు కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టు.

నేను మంచం చివర నిలబడి ఉన్నాను. ఆయన నావైపే చూశారు. పాదం ఒక్కసారిగా విసురుగా ముందుకు వచ్చింది.

"అబ్బో! నరాలకు ప్రాణం వస్తోంది. ఏమనుకున్నావన్నా?"

"ఫుట్‌బాల్" అన్నారు ఆయన, నామీద నుంచి చూపు తిప్పకుండా.

"అయితే ఇంకో నెలలో గోలే! వదినా, నువ్వు ఎదురుగా ఉంటేనే కాలు మాట వింటోంది. రోజూ ఇక్కడే నిలబడు."

సరేనని తలూపాను. ఆయన ఏనాడూ బంతిని తన్ని ఎరుగరు. నా చేయి నాకు తెలియకుండానే, ఒకప్పుడు విరిగి అతుక్కున్న పక్కటెముక మీదికి వెళ్లింది.