బండికి బదులు

మంచుబండి చచ్చింది. అంతకుముందు రెండుసార్లు చచ్చి బతికింది గానీ, ఈసారి ఇంజనే బీటలు వారింది. ఇక లేవదు.

ఆటకు విరామం వచ్చినప్పుడల్లా స్కేట్ల గీతలు పడిన మంచును గీకి, నీళ్లు వదిలి, అద్దంలా చేసేది ఆ బండే. అది లేకపోతే మంచు మీద హాకీ లేదు. శనివారం ప్లేఆఫ్ మొదటి ఆట. మంచు బాగుచేసుకోలేకపోతే ఆట వేరే ఊరికి పోతుందనీ, వచ్చే ఏడు స్ప్రూస్ రివర్ ఊరికి జట్టే ఉండదనీ లీగు వాళ్లు మొహం మీదే చెప్పేశారు. కాగితం మిల్లు మూతపడ్డ ఊళ్లో మిగిలింది ఆ జట్టొక్కటే. అదీ పోతే చలికాలమంతా జనం ఎక్కడ కూర్చుని ఎవర్ని తిట్టుకోవాలి?

మేనేజరు జీల్ తెరియో కాఫీ ముందు పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఇవాళ మధ్యాహ్నంతో గడువు సరి. ఎదురుగా వెండెల్ కుర్చీ లాక్కుని, ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి జట్టును అంటిపెట్టుకుని ఉన్న మనిషి. కుర్రాళ్ల స్టిక్కులకు టేపు చుట్టడం దగ్గర్నుంచి బండి కింద దూరడం దాకా దేనికైనా అతనే. చేతులకు ఇంకా గ్రీజు పోలేదు.

ఫోను స్పీకర్లో పోర్ట్ అలెన్ జట్టు మేనేజరు ఓర్విల్. వాళ్లకు మంచుబండ్లు రెండున్నాయి. పాతది ఊరికే పడుంది. వాళ్లకు లేనిది డిఫెన్సులో నిలబడే మనిషి. ఉన్నవాళ్లిద్దరూ కాళ్లు విరగ్గొట్టుకుని ఇంట్లో పడుకున్నారు.

"మీరంతా హ్యామర్ అని పిలిచే ఆ డిఫెన్సువాణ్ణి ఇవ్వు, బండి పట్టుకెళ్లు," అన్నాడు ఓర్విల్. "వాడితోపాటు గోల్ కాసే ఆ కుర్ర గోలీని కూడా ఇవ్వాలి మరి."

"ఒక్క బండికి ఇద్దరా!" అన్నాడు జీల్. ఆ గొంతులో పస లేదు.

"మీ హ్యామర్‌కి వయసెంతయ్యా? ముప్పై ఆరు. పాతికేళ్లవాడైతే ఒక్కడు చాలనేవాణ్ణి."

జీల్ కళ్లు మూసుకున్నాడు. ఫోనును వెండెల్ వైపు తోశాడు. "నా వల్ల కాదు. నువ్వే మాట్లాడు. ఎంతకో కొంతకి తెగ్గొట్టు."

"ఎంతకో కొంతకేంటి? సంతలో గొడ్డా?" అన్నాడు వెండెల్. ఫోను మీదికి వంగాడు. "ఓర్విల్ గారూ, గోలీ ఊసెత్తకండి. వాడు పసివాడు, రేపటి జట్టంతా వాడిమీదే ఉంది. హ్యామర్ ఒక్కడే."

"ఎవరయ్యా నువ్వు?"

"ఇక్కడివాణ్ణే. బేరం నాతో ఆడండి."

"ఆడతాను, నాకేం. మీవాడి ఎడమ మోకాలు పనైపోయిందట కదా?"

"మోకాలి సంగతి నన్నడగండి. రోజూ దానికి ఐసు పెట్టేది నేనే. ఈ సీజను దాటిస్తుంది."

"ముందుపళ్లు కూడా లేవు."

"పళ్లతో ఆడిస్తారా ఏంటి?"

ఓర్విల్ పకపకా నవ్వాడు. వెండెల్ నవ్వలేదు. "అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి" అని గొణుక్కున్నాడు.

"నిరుడు వాడి ఈడువాణ్ణి ఇంకో జట్టువాళ్లు ఒక సంచీడు పక్ బిళ్లలకి ఇచ్చేశారు, తెలుసా?" అన్నాడు ఓర్విల్.

"ఆ సంచీ ఇప్పుడు డిఫెన్సులో బాగా ఆడుతోందేమో కనుక్కోండి. మీ బండి మాత్రం కొత్త పెళ్లికూతురా? బ్లేడు అరిగిపోయి ఉంటుంది. కొత్తది వేసి పంపండి. ఇంకోటి అదనంగా పెట్టండి."

"ఒక్క ముసలాడికి బండీ, రెండు బ్లేడ్లూనా! మొన్న మా కుర్రాణ్ణి అందుకోలేక మీ హ్యామర్ చతికిలబడ్డాడు. నా కళ్లతో చూశాను."

వెండెల్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది.

"పడ్డాడు," అన్నాడు చివరికి. "పడుతూనే పక్‌కి మొహం అడ్డం పెట్టాడు. గోల్ కాలేదు. అదీ చూశారా? చింత చచ్చినా పులుపు చావలేదండీ. మీ కుర్రాళ్లలో మొహం అడ్డం పెట్టేవాడు ఒక్కణ్ణి చూపించండి, బండి మీరే ఉంచుకోండి."



"ఇచ్చెయ్యి ఓర్విల్, నీకు పుణ్యముంటుంది," అన్నాడు జీల్ కిటికీలోకి చూస్తూ.

"నువ్వుండు," అని కసిరాడు వెండెల్. "పుణ్యానికి అక్కర్లేదు. సరికి సరి ఇవ్వాలి. ఇన్నేళ్లు ఆడి ఊరికే పోయాడని రేపు ఎవరూ అనకూడదు."

జీల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. మొహం ఇటు తిప్పలేదు.

"సరే, రెండు బ్లేడ్లు," అన్నాడు ఓర్విల్ విసుగ్గా. "ఇంకేమైనా ఉందా పెళ్లిపెద్దా?"

"ఒకటుంది. వాణ్ణి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టకండి. ఆడించండి. కూర్చోవడానికైతే ఇక్కడ కుర్చీలు బోలెడున్నాయి."

"మనుషుల్లేకే కదయ్యా ఇంత గొడవ, ఆడించక ఏం చేస్తాను? మాటిచ్చాను, పో."

"అయితే కుదిరినట్టే."

జీల్ గట్టిగా ఊపిరి వదిలాడు. శనివారం ఆట ఉంటుంది. వచ్చే ఏడు జట్టూ ఉంటుంది. అయినా అతని మొహంలో కళ లేదు. చల్లారిన కాఫీ గటగటా తాగేశాడు.

"బండిని ఇప్పుడే ట్రక్కెక్కిస్తాను," అన్నాడు ఓర్విల్. "మీవాణ్ణి ఇవాళే బస్సెక్కించండి. పాపం, ఆ ఊరికి అలవాటుపడ్డ ప్రాణం. కబురు ఎవరు చెప్తారో ఏమో గానీ, వింటే చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు."

"నేనేం ఏడవనులెండి, బస్సు ఎన్నింటికో చెప్పండి," అన్నాడు వెండెల్.