శబ్దం లేకుండా

ఈసారి కూడా రాదోయ్ నోరు తెరిచాడు. పాట రాలేదు.

ల్యాప్‌టాప్ తెర మీద భర్త పెదవులు కదులుతుంటే దోంకా కాసేపు చూసింది. తర్వాత చెల్లెలి కొడుకు వైపు తిరిగింది.

"మళ్ళీ ఇంతేనా మోంచిల్?"

"సభ హాల్లో ఉన్న ముసలి స్లయిడ్ల ప్రోగ్రాంతో ఇదే గొడవ పెద్దమ్మా. వీడియో ఎంపీఫోర్‌గా ఇస్తే తెరవనంటుంది. ఏవీఐ ఇస్తే నల్ల గడి చూపిస్తుంది. డబ్ల్యూఎంవీ ఒక్కటే మింగుతుంది. అందులోకి మారిస్తే గొంతు పోతోంది."

"మీ పెదనాన్న గొంతు దానికి పలహారమా?"

మోంచిల్ నవ్వలేదు.

రాదోయ్ పోయి ఆరు నెలలు కావస్తోంది. అతని ఫొటో ఉన్న సంతాపపు కాగితాన్ని ఇంటి తలుపుకీ బస్టాపు స్తంభానికీ మళ్ళీ కొత్తగా అంటించారు. ఆదివారం ఊరి పఠన మందిరంలో సంస్మరణ సభ. అక్కడి పాత కంప్యూటర్లో ఫొటోలు ఒకటొకటిగా వస్తాయి. చివర ఈ వీడియో రావాలి.

బతికినన్నాళ్ళూ ఊరి బృందంతో కలిసి పాడాడు రాదోయ్. ఉన్న రికార్డులన్నీ బృందానివే. అన్ని గొంతుల మధ్య అతని గొంతును దోంకా వెతుక్కోవాల్సిందే. ఒక్కడే పాడింది ఇది మాత్రమే. అకార్డియన్ పెట్టె అడుగున దొరికిన పాత కెమెరాలో ఉంది. కెమెరా ఎప్పుడో చచ్చింది. లోపలి కార్డును మోంచిల్ చేతిలో పెట్టి, స్లయిడ్లలో ఆడేలా మార్చమంది దోంకా. ఆ గొంతు ఒక్కసారి వింటే చాలు ఆమెకు.

వీడియోలో పూసిన ప్లం చెట్టు పక్కన రాదోయ్ నిలబడి ఉన్నాడు. ఏ రాతి మీదో కెమెరా పెట్టి తనే తీసుకున్నట్టున్నాడు. గాలికి కాబోలు, బొమ్మ కాస్త ఊగుతోంది. మణికట్టుకు మార్చి నెల దారం ఉంది, ఎరుపూ తెలుపూ కలిపి పేనింది. మార్చి మొదటి రోజున ఆడవాళ్ళు తమవాళ్ళ ఆరోగ్యం కోసం కడతారు. పూసిన చెట్టు కంటపడగానే విప్పి కొమ్మకు కట్టేయాలి. దాని చివరి మూడు ముళ్ళు దోంకా వాళ్ళమ్మ కూతుళ్ళకు నేర్పినవి.

రాదోయ్ ముడి మీద చేయి వేశాడు. ఆగాడు. నవ్వాడు. విప్పకుండానే చేయి దించి పాట ఎత్తుకున్నాడు.

ఆ వసంతం దోంకాకు గుర్తుంది. ఊరంతా దారాలు విప్పేసినా అతను మాత్రం చెర్రీలు పండేదాకా ఉంచుకున్నాడు. ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. నేను కట్టింది విప్పబుద్ధి కాలేదు కాబోలని ఆమె మురిసిపోయింది. అతను పోయాక ఆ దారాన్ని సొరుగులోంచి తీసి, చల్లబడ్డ మణికట్టుకు మళ్ళీ కట్టి, అప్పుడు శవపెట్టె మూత వేయనిచ్చింది.

పక్కన కూర్చుని ఆదివారానికి గోధుమలు ఏరుతున్న చెల్లెలు వెలికా తలెత్తింది.

"బొమ్మ ఉందిగా అక్కా. బావ గొంతు మన చెవుల్లో లేదూ?"

ఆరు నెలలుగా వెలికా అక్క దగ్గరే ఉంటోంది. దోంకా ఏడిస్తే తనూ ఏడ్చేది. అలాంటి చెల్లెలికి ఎదురు చెప్పలేక దోంకా ల్యాప్‌టాప్ మూసింది.

మర్నాడు బడిలో కంప్యూటర్లు నేర్పే కలినాను అడిగింది. కలినా వింతగా చూసింది.

"డబ్ల్యూఎంవీ మంచిదే దోంకా. ఆ ప్రోగ్రాంకి అదే సరిపోతుంది. కానీ శబ్దం దానంతటది పోదు. మార్చేటప్పుడు 'శబ్దం లేకుండా' అని ఒక గడి ఉంటుంది. ఎవరో అక్కడ టిక్కు పెట్టాలి."

ఆ టిక్కు పెట్టింది మోంచిలే అని దోంకాకు అర్థమైంది. ఎందుకో కూడా తెలిసిపోయింది. ఒకప్పుడు రాదోయ్ అందరి ముందూ మోంచిల్‌ను బృందంలోంచి తీసేశాడు. 'నీ గొంతు గొర్రెల్ని అదిలించడానికి బాగుంటుందిరా' అన్నాడు. ఆ కసి చచ్చినవాడి మీద తీర్చుకుంటున్నాడన్నమాట. ఎత్తుకుని పెంచిన పిల్లవాడు.

తిన్నగా వెళ్ళి వాడి గుమ్మంలో నిలబడింది.

"కార్డు ఇవ్వు."

వాడు చాలాసేపు బతిమాలాడు. బొమ్మ చాలు, తన మాట వినమన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి తెచ్చి ఇచ్చాడు.

"చెరిపేద్దామనుకున్నాను పెద్దమ్మా. చేయి రాలేదు."

"ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా? ఇంక నా గడప తొక్కకు."

ఈ సంగతి వెలికాకు చెప్పలేదు. కన్నకొడుకు చేసిన పని తెలిస్తే తట్టుకోలేదని.

కలినా బడి గదిలో కూర్చుని వీడియోను మళ్ళీ మార్చింది. అక్కడి కంప్యూటర్లకు స్పీకర్లు లేవు. తెర మీద ఊగుతున్న పచ్చ గీతను చూపించి, ఇదిగో, శబ్దం ఉందని చెప్పింది. దోంకా ఆ గీతనే వేలితో తడిమింది.

ఆదివారం హాలు నిండింది. ఉడికించిన గోధుమలూ, పళ్ళసారా రాకియా పంచారు. వచ్చినవాళ్ళంతా దేవుడు అతన్ని క్షమించాలని అన్నారు. కంప్యూటర్ ముందు కలినా కూర్చుని ఉండడం చూసి మోంచిల్ మొహం పాలిపోయింది. తల్లి వైపోసారి చూసి బయటికి వెళ్ళిపోయాడు. సిగ్గేసిందిలే అనుకుంది దోంకా.

ఫొటోలు అయిపోయాయి. తెల్లటి ప్లం చెట్టు తెర నిండా వచ్చింది. ఈసారి గాలి వినిపించింది. పూల మీద తేనెటీగల రొద వినిపించింది. దోంకా పొంగిపోతూ చెల్లెలి చేయి పట్టుకుంది. ఆ చేయి ఒక్కసారిగా బిగుసుకుంది.

తెర మీద రాదోయ్ ముడి మీద చేయి వేశాడు. ఆగాడు.

కెమెరా వెనకనుంచి నవ్వుతూ ఒక ఆడగొంతు పలికింది: "విప్పకు రాదోయ్, నేను కట్టిందని ఎవరికి తెలుస్తుంది, అక్క తను కట్టిందే అనుకుంటుంది."