మచ్చలేని స్టూలు

"ఇది పాత ప్లాస్టిక్ అంటే ఎవరు నమ్ముతారమ్మా? ఒక్క మచ్చైనా లేదు" అంటూ ఫర్నిచర్ షాపు మేనేజరు తన గదిలో బల్ల మీదున్న నా స్టూలును వెనక్కి నెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పారేసిన తెల్ల షాంపూ సీసాలు ఏరి, లేబుళ్లు గోళ్లతో గీకి, మూడు నీళ్లలో కడిగి, కరిగించి పోయించిన స్టూలది.

"శుభ్రంగా కడగడం కూడా నా తప్పేనా?"

"కోప్పడకండి. ఇదిగో, ఇలా ఉండాలి." నల్లచుక్కల స్టూలొకటి నా ముందు పెట్టాడు. దాని కాలికి 'పాత సీసాలతో చేసినది' అని చీటీ వేలాడుతోంది.

అగ్గిపుల్ల గీసి దాని అడుగు అంచుకి అంటించాను. పాత సీసాను ఎంత కడిగినా, వేడి తగిలితే షాంపూ వాసన వస్తుంది. దీనికి రాలేదు.

"అయ్యో, ఇది కొత్త ప్లాస్టిక్! చెత్తకుప్ప మొహం కూడా చూడలేదు. చుక్కలు కావాలని కలిపి, ఎవరో మిమ్మల్ని నిలువునా ముంచారు!"

మేనేజరు లేచి గది తలుపు వేశాడు.

"కలపమన్నది నేనేనమ్మా. మీరూ కలపండి, మీ సరుకూ తీసుకుంటాను."

చుక్కల స్టూలును చంకన పెట్టుకుని, తలుపు బార్లా తెరిచి, కొనేవాళ్లందరి మధ్యా నిలబడి రెండో అగ్గిపుల్ల గీశాను.