ఎనిమిది సెకన్లు

ఒక్కో ఇంటికి ఎనిమిది సెకన్లు. అంతలోనే ఆ ఇంటివాళ్లు పేదవాళ్లో కాదో జెస్సీ తేల్చాలి.

ఆత్మకూరు బస్టాండు దగ్గర, ఎరువుల అంగడి మీద మేడ. అందులో పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు మంది అమ్మాయిలు, గోడ మీద ‘టెక్నాలజీతో పేదరికానికి సెలవు’ అన్న బోర్డు. చుట్టుపక్కల మండలాల్లో కంపెనీ మనుషులు ఫోన్లు పట్టుకుని తిరిగి ఇళ్ల లోపల ఫోటోలు తీసి పంపుతారు. ఏ రోజు ఏ ఊరికి పోతారో ఆఫీసులో కూడా చెప్పరు. ఫోటో కింద పేరు ఉండదు, నంబరే. ముఖాలను కంప్యూటరే మసక చేసేస్తుంది. అమ్మాయిలు చూసి ‘అర్హులు’ అనో ‘అనర్హులు’ అనో నొక్కుతారు. అర్హులకు పాడి బర్రె వస్తుంది. అనర్హులకు ఏమీ రాదు, కనీసం రాదన్న కబురైనా రాదు.

నొక్కడానికి సూత్రాలున్నాయి. స్టాండు ఫ్యాను కనిపిస్తే అనుమానించాలి. కుర్చీలు మూడు దాటితే అనుమానం కూడా అక్కర్లేదు. ఈ సూత్రాలు బయట ఎవరికీ, ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు, చెప్పకూడదని మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు.

ఆ రోజే జెస్సీ సరదాకి తన ఇంటిని మనసులో నొక్కి చూసుకుంది. నాలుగు సెకన్లకే తేలిపోయింది. మిగిలిన నాలుగు సెకన్లు ఏం చేయాలో తోచలేదు.

దుత్తలూరు పక్క మెట్ట ఊళ్లో వాళ్లది రేకుల ఇల్లు. ఉండేది తనూ, తల్లి రెబెకమ్మా. కూర్చోవడానికి ఉన్నది ఒక్క స్టూలు.

“ఆడ నువ్వు చేసే పనేందే?” అని ఒక ఆదివారం రెబెకమ్మ అడిగింది, మోకాలికి నూనె రాసుకుంటూ.

“ఇళ్ల ఫోటోలు చూస్తానమ్మా.”

“చూస్తే జీతమిస్తారా? మేము చేలో చూస్తా నిలబడితే కూలి కోస్తారే.”

జెస్సీ నవ్వింది.

“అయితే ఆ ఫోటోలు తీసేవోళ్లు ముందుగా చెప్పి వస్తారా, చెప్పకుండా వస్తారా? ఇల్లు సర్దుకోకుంటే ఆడోళ్లకు నగుబాటు గదా.”

జెస్సీ నోటిదాకా ఏదో వచ్చింది. సంతకం గుర్తొచ్చి మింగేసింది. మాట మీద నిలబడే పిల్ల.

ఆ మోకాలితోనే రెబెకమ్మ ఇంకా కూలికి పోతోంది. ఉద్యోగం ఖాయమైతే మొదటి జీతంతోనే మాన్పించాలని జెస్సీ ఆశ. మూడు నెలల గడువు ఈరోజుతో సరి. తప్పులు నూటికి రెండు మించకపోతే ఖాయమన్నారు. ఆ మాట సాయంత్రం చెబుతారు.

మధ్యాహ్నం మూడింటికి ఒక ఫోటో వచ్చింది. నాలుగు నీలం ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో తెల్ల తువ్వాలు. గోడ కనిపించకుండా చిలకల దుప్పటి. మూలన స్టాండు ఫ్యాను. మధ్యలో పట్టుచీరలో ఒకావిడ, ఒక చెయ్యి కుర్చీ మీద ఆన్చి నిలబడి ఉంది. ముఖం మసక.

“ఏందే ఆ ఠీవి,” అంది పక్క సీటు అశ్విత తొంగిచూసి. “జమీందారిణి నిలబడినట్టుండాది.”

“కుర్చీలకు తువ్వాళ్లు చూడు. తాసీల్దారాఫీసులో కూడా ఉండవు,” అంది జెస్సీ. “ఈమెకు బర్రె కావాలంట.”

“కలిగినోళ్లకే కక్కుర్తి ఎక్కువ. నొక్కేయ్.”

అయిదో సెకనులో జెస్సీ వేలు ఆగింది. ఎందుకో తెలియలేదు. ఆమె నిలబడ్డ తీరులో ఏదో ఉంది. అనుమానం వస్తే నొక్కడానికి ‘మళ్లీ చూడాలి’ అని ఇంకో మీట ఉంది. అది రోజుకు మూడుసార్లే. మూడూ పొద్దున్నే వాడేసింది. నాలుగోసారి నొక్కితే తప్పు కింద జమ.

వెనక సూపర్‌వైజర్ వెంకటేష్ నిలబడి ఉన్నాడు.

“ఏమ్మా, చుట్టాలా? అంత సేపు చూస్తా ఉండావు. కుర్చీలెన్ని?”

“నాలుగు సార్.”

“ఇంకేంది మరి?”

ఏడో సెకనులో ‘అనర్హులు’ నొక్కింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

సాయంత్రం వెంకటేష్ అందరినీ నిలబెట్టాడు.

“నూటికి తొంభై తొమ్మిది. మన ఆఫీసులో జెస్సీదే ఫస్టు.”

చప్పట్లు కొట్టారు. జెస్సీకి కళ్లముందు స్టూలు మీద కూర్చున్న తల్లి కనిపించింది.

“ఇంకో మంచి మాట,” అన్నాడు వెంకటేష్, చెప్పుల వైపు చూస్తూ. “మీరు నొక్కిందంతా చూసి చూసి మిషను నేర్చుకునింది. ఇంక అదే నొక్కుతాదంట. రేపట్నుంచి మీరెవరూ రానక్కర్లా.”



“మరి నేర్పినందుకేమిస్తారు సార్?” అంది అశ్విత.

ఇచ్చారు. తలా ఒక ఉదయగిరి చెక్క గరిటె. ఫస్టు వచ్చింది గనక జెస్సీకి రెండు.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని గరిటెలు ఒళ్లో పెట్టుకుంది. తల్లికి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. ఉద్యోగం పోయిందని చెప్పడమా, గరిటెలు వచ్చాయని చెప్పడమా? ఏది ముందు చెప్పినా రేపు పొద్దున ఆ మోకాలు మళ్లీ చేలోకి నడవాల్సిందే.

పొద్దు వాలేవేళకు ఊళ్లో దిగింది.

సందు మలుపు తిరగ్గానే, నెత్తిన నాలుగు నీలం కుర్చీలు, భుజాన చిలకల దుప్పటి పెట్టుకుని, “బర్రె ఫోటో అయిపోయిందిలే, ఇయ్యి చర్చిలో ఇచ్చేసొస్తానే,” అంటూ కుంటుకుంటూ ఎదురొచ్చింది రెబెకమ్మ.