దొరకాల్సిన చోటు

చెంప ఛెళ్ళుమంది.

టీచరమ్మ కుర్చీతో సహా వెనక్కి ఒరిగింది. కుడిచెంప. ఇంట్లోనూ ఎప్పుడూ వాచేది కుడిచెంపే.

“లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి వస్తావా?” ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు పెద్దమ్మ. “పోయిన నెల సలహా కోసం వచ్చినప్పుడు దాన్ని ఇక్కడి వైఫైకి కలిపావా, లేదా?”

“కలిపాను. అయితే మాత్రం కొడతారా? దెబ్బలు తినలేకే కదా ఇక్కడికి వచ్చాను?”

మొగుళ్ళ చేతుల్లో చావకుండా బయటపడ్డ ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లది. గుమ్మానికి బోర్డు కూడా ఉండదు. అందరూ పెద్దమ్మా అని పిలిచే ఈవిడ కూడా ఒకప్పుడు అలా పారిపోయి వచ్చి, అక్కడే ఉండిపోయిన మనిషి. వెనక ఎవరిని వదిలేసి వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నోరు చెడ్డది, చెయ్యి అంతకంటే చెడ్డది. వచ్చినవాళ్ళ ఫిర్యాదులు టైపు చెయ్యడం ఆవిడ పని.

అక్కడి కంప్యూటర్లో డిస్కే లేదు. పెద్దమ్మ మెడలో తాడుకి వేలాడే పెన్‌డ్రైవ్ గుచ్చితే, అందులోని లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. ఆపేస్తే రాసింది, చూసింది, వైఫై పాస్‌వర్డుతో సహా అన్నీ మర్చిపోతుంది. ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయేది అదొక్కటే.

“లాప్‌టాప్ ఆయనకి తెరుచుకోదండీ. పాస్‌వర్డు పెట్టాను,” అంది టీచరమ్మ.

“ఇలాంటి పెన్‌డ్రైవే ఒకటి గుచ్చి లేపితే నీ పాస్‌వర్డు అడిగే దిక్కుండదు. అందులో దాచుకున్న వైఫై పేర్లూ పాస్‌వర్డులూ తీసి అరచేతిలో పెడుతుంది. వాటిని ఫోన్లో ఎక్కించుకుని వీధివీధీ తిరుగుతాడు. ఏ గుమ్మం ముందు ఫోను తనంతట తనే కలుస్తుందో, ఆ గుమ్మం లోపల నువ్వుంటావు.”

“ఆయనకి అంత తెలివి లేదు.”

“తెలివిదేముంది, ఏ సెల్‌ఫోన్ షాపులోనైనా అద్దెకి దొరుకుతుంది. కసి ఉంటే చాలు.”

“కోపమేగానీ చెడ్డవాడు కాదండీ. చిన్నప్పుడే తల్లి చచ్చిపోయింది. తండ్రి బెల్టుతో బాది పెంచాడు.” ఆ మాట చెబుతూనే విరిగిన వేలి కట్టు సర్దుకుంది టీచరమ్మ.

“ఏడ్చినట్టుంది. ముందు ఫిర్యాదు కానీ, తర్వాత వైఫై పేరు మార్చేస్తాను.” పెద్దమ్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. “మొగుడి పేరు?”

చెప్పింది.

“మామగారి పేరు?”

చెప్పింది.

“మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పింది. పెద్దమ్మ ఆ పేరు ఒక్కొక్క అక్షరమే టైపు చేసింది. తర్వాత ఫిర్యాదు పూర్తిచేసి, ప్రింటు తీసి, కంప్యూటర్ ఆపేసింది.

“మరి వైఫై పేరు?” అని గుర్తుచేసింది ఆ ఇంటి బాగోగులు చూసే మేట్రన్.

“వద్దు. మారిస్తే ఇక్కడ దొరకదు, అంతే. రేపు బడి దగ్గర కత్తి పట్టుకుని మాటేస్తాడు. వాడు వెతకడం ఆపాలంటే ఎక్కడో ఒకచోట దొరకాలి.”

“మా ఆయన్ని వాడూ వీడూ అనకండి,” అంది టీచరమ్మ.

పెద్దమ్మ ఆమె చెంపకేసి చూసింది. “నొప్పిగా ఉందా?” అంది మెత్తగా. టీచరమ్మ మొహం తిప్పుకుంది.

తెల్లారేసరికి పెద్దమ్మ లేదు. వైఫై రూటరూ లేదు.

“ఇన్నేళ్ళు ఉన్న ఇంట్లోనే దొంగతనమా?” అని మేట్రన్ తల పట్టుకుంది.

“దెబ్బతోనే తెలిసింది ఎలాంటి మనిషో,” అంది టీచరమ్మ. “దొరికితే నాలుగు తగిలించాలి.”

దొరికింది.

ఊరికి అటు చివర, వెల్డింగ్ షాపుల వరసలో, నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం టీచరమ్మ భర్త చేతిలో ఫోను తనంతట తనే కలిసింది. రోజుల తరబడి తిరిగి కాళ్ళు పీకుతున్నవాడు ఠక్కున ఆగాడు. ఎదురుగా మూసిన అద్దెగది.

ఒక్క తన్నుకి తలుపు ఊడింది. లోపల స్టూలు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన రూటరు. దానికి కరెంటు తప్ప ఇంటర్నెట్ తీగ కూడా లేదు.

“నా పెళ్ళాం ఎక్కడ?”

“ఊరు దాటించేశాను. కూర్చో, నీకో మాట చెప్పాలి.”

ఇనపరాడ్డు అతని ఎడమచేతిలో ఉంది. మొదటి దెబ్బకే ఆమె మోచెయ్యి విరిగింది.

“ఎటు పంపావు?”

“చెప్పను. ముందు కూర్చో.”

తర్వాతి దెబ్బ తలమీద పడింది. పెద్దమ్మ అరవలేదు. రక్తం కళ్ళలోకి కారుతున్నా అతని మొహంకేసే చూస్తోంది. ఆ చూపుకి అతనికి ఒళ్ళు ఇంకా మండింది. కిందపడ్డాక కూడా కొట్టాడు.

గ్రైండర్ల హోరులో పక్కషాపు వెల్డర్లకి ఆలస్యంగా వినపడింది. మీదపడి అతని చేతులు విరిచి కట్టేసేసరికి గోడంతా రక్తమే.

మర్నాడు మహిళా ఎస్సై ఆ బోర్డులేని ఇంటికి వచ్చి, నెత్తుటి మరకల రూటరు బల్లమీద పెట్టింది.

“ఇది మీదేనా?”

మేట్రన్ దగ్గరికి వచ్చి చూసి, అవునంది. “ఎక్కడో ఒకచోట దొరకాలంది,” అని గొణిగింది.

టీచరమ్మకి అప్పుడర్థమైంది. చెయ్యి చెంపమీదికి వెళ్ళింది.

“పెద్దమ్మ ఎలా ఉందండీ?”

“రాత్రి ఆస్పత్రిలో పోయింది. ఇక అది హత్య కేసు. వాడు ఇప్పట్లో బయటికి రాడు. మీరు ధైర్యంగా బడికి వెళ్ళొచ్చు.”

“నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. నా కోసం ఆవిడెందుకు చచ్చిపోవాలి?” టీచరమ్మకి ఏడుపు ఆగలేదు.

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

“పోయేముందు, ‘కొట్టినవాడు నీకేమవుతాడు?’ అని అడిగాను. ‘కొడుకు’ అని చెప్పి, వాడికి మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది.”