రెక్క మీద నంబరు

"ఎడమకు తిప్పుండ్రి అంకుల్, ఎడమకు" అని హరీష్ అంటూనే ఉన్నాడు.

గోపాల్ తిప్పుతూనే ఉన్నాడు. రిమోట్ మీది పుల్లను ఎంత నొక్కినా ఆ తెల్లటి ఫోమ్ విమానం మాట వినలేదు. వెంచర్ హద్దురాళ్లు దాటింది. మోటారు చప్పుడు ఆగిపోయింది. ఆపైన గాలివాటుకు పత్తి చేల వైపు తేలిపోయి, కాసేపటికి కంటికి ఆనకుండా పోయింది.

హరీష్ రిమోట్ అందుకొని చూశాడు. బ్యాటరీ నిండుగానే ఉంది. దగ్గరున్నంతసేపు బుద్ధిగా తిరిగిన విమానం ఖాళీ ప్లాట్లు దాటగానే చెవిటిదైపోయింది. పోయిన నెల మొదటిది కూడా సరిగ్గా ఇట్లాగే పోయింది. ఎవరో ఫోన్ చేస్తే వెళ్లారు గానీ, చెట్టు మీది నుంచి దులిపేసరికి ముక్కలే మిగిలాయి.

"నాకే చాతనైతలేదు బిడ్డా" అన్నాడు గోపాల్. "దాని చేతి పనంతా నేను ఆగం చేస్తాన."

దాని అంటే తేజస్వి. గోపాల్‌కు ఒక్కగానొక్క కూతురు, హరీష్‌కు ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేటు. ఫోమ్ షీట్లు కోసి, వేడి జిగురుతో అతికి, మోటార్లు బిగించి మూడు విమానాలు చేసింది. వానలు తగ్గాక ఎగరేద్దామనుకుంది. వానలు తగ్గకముందే జ్వరమని దవాఖానకు పోయిన పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు. ఆమె చేసినవి ఒక్కసారైనా ఎగరాలని, ఎగిరి క్షేమంగా ఇంటికి రావాలని గోపాల్ పట్టుబట్టాడు. చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడుపుకునే మనిషి, ఈ వయసులో హరీష్ దగ్గర రిమోట్ పట్టడం నేర్చుకున్నాడు.

ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడ్డ భర్తను చూసి కళావతి మొహం తిప్పుకుంది.

"ఇది గూడ పోగొట్టిన్రా? గిన్నెలు అమ్ముకునే చేతులకు ఇమానాలెందుకని ఆనాడే చెప్పిన."

ఇల్లంతా ఫోమ్ పొట్టేనని కూతుర్ని కూడా ఆమె ఇట్లాగే సాధించేది. సాధిస్తూనే, జిగురు ఆరేదాకా రెక్కలు పట్టుకొని కూర్చునేది. ఏది దేనికో పిల్ల చెబుతుంటే ఊకొట్టేది.

ఆ ఇంట్లో పిల్ల పేరు పలికి చాలా రోజులైంది. చుట్టాలొస్తే ఎండల గురించి, ధరల గురించి మాట్లాడి, చాయ్ తాగి వెళ్తారు. పేరెత్తితే బాధపడతారని వాళ్ల భయం. ఎత్తనందుకే కళావతి ప్రాణం ఉసూరుమంటోందని ఎవరికీ తట్టలేదు. పిల్ల ఫోనుకు మాత్రం ఆమె నెలనెలా రీచార్జి చేయిస్తోంది. మొదట్లో స్నేహితులెవరైనా చేసేవారు, తర్వాత అదీ మూగబోయింది. పోయిన నెల మొదటి విమానం దొరికినవాళ్లు చేసినప్పుడే మళ్లీ మోగింది. దండగ ఖర్చని గోపాల్ ఒకసారి అనబోయి, ఆమె కళ్లు చూసి ఊరుకున్నాడు.

సాయంత్రం ఆ ఫోను మోగింది.

విమానం దారి తప్పితే దొరికినవాళ్లు కబురు చేయాలని, ఎగరేసేవాళ్లు రెక్క మీద పేరూ నంబరూ రాసుకుంటారు. తేజస్వి కూడా మూడింటి మీదా రాసింది. కళావతి వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి ఫోను ఎత్తింది.

"తేజస్వి ఉన్నదా అమ్మా?" అన్నదో మగ గొంతు. అతని పేరు మొగిలి. పత్తి చేనులో ఇమానం పడ్డదని, రెక్క మీద పేరు చూసి చేస్తున్నానని చెప్పాడు.

"ఉన్నది. తానం చేస్తాంది" అంది కళావతి. "నేను వాళ్లమ్మను. చెప్పు అన్నా."

"ఇమానం ముక్కు ఇరిగింది గని మిగతాదంత మంచిగనే ఉన్నది. ఫికర్ చెయ్యద్దని చెప్పుండ్రి."

"ఎవరికి చెప్పాలె అన్నా?"

"తేజస్వికమ్మా."

కుర్చీలో కూర్చున్న గోపాల్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆడిన అబద్ధాన్ని తప్పుపట్టే ధైర్యం అతనికి లేదు.

మర్నాడు హరీష్‌తో కలిసి వెళ్లి విమానాన్ని తెచ్చుకున్నాడు. హరీష్ పైమూత తీసి లోపల వెతికాడు. రిమోట్ చెప్పేది అందుకునే చిన్న పెట్టెకు వెంట్రుకంత తీగ ఉంటుంది. అది సగానికి తెగి ఉంది.

"ఇది తెగితే దగ్గర్ల మంచిగనే ఇంటది అంకుల్, దూరం పోతే అందదు. మీ తప్పేం లేదు. ఎలుకలు కొరికినయో ఏమో."

విమానాలను సరుకు గదిలో పెట్టినందుకు గోపాల్ తనను తానే తిట్టుకున్నాడు. మూడోదాన్ని విప్పి చూస్తే తీగ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఎలుకలు ఎక్కలేని చోట, బీరువా మీద పెట్టాడు. దెబ్బ తగలకుండా మిగిలింది ఇదొక్కటే, దీన్ని ఎగరేసేది లేదు, కళ్ల ముందు ఉంటే చాలని భార్యతో చెప్పాడు.

కళావతి తలెత్తి బీరువా వైపు చూసింది.

"బిడ్డ చేసింది ఎగరనీకి గని బీరువా మీద పెట్టనీకి కాదు" అంది. "ఆదివారం తీస్కపోండ్రి."

గోపాల్ నమ్మలేనట్టు చూశాడు. ఇన్నాళ్లకు భార్య తన వైపు వచ్చిందనుకున్నాడు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు.

ఆదివారం పొద్దున అతను బండి బయటికి తీయడానికి కిందికి దిగాడు. కళావతి ముందుగా కూతురి ఫోనును ఛార్జింగ్‌కు పెట్టింది. తర్వాత విమానాన్ని ఒళ్లోకి తీసుకొని పైమూత తెరిచింది.

దీని తీగ కూడా కత్తిరించింది.