ఆరు మెట్ల తెలుపు

చిట్టియ్య పళ్లు ఆరు మెట్లు తెల్లబడ్డాయని ప్రొఫెసర్ చంద్రరావు గారు ప్రకటించగానే దీవెన రాస్తున్న కలం ఆపేసింది.

తెల్లబడకూడదు. చిట్టియ్యకు ఇచ్చింది మామూలు పేస్టు. అదీ వాడలేదు, మూత తీయని ట్యూబు తెచ్చి బల్లమీద పెట్టాడు. పొద్దున చుట్ట, మధ్యాహ్నం కిళ్లీ, సాయంత్రం మళ్లీ చుట్ట. ఆ వరసలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు.

రాజమండ్రిలోని ఆ డెంటల్ కాలేజీలో దీవెనది పీజీ ఆఖరి సంవత్సరం. తణుకు నుంచి తెప్పించిన చెరకు పిప్పిని కాల్చి, ఆ బూడిదతో చంద్రరావు గారు ఒక పేస్టు కనిపెట్టారు. తీపి తింటే పళ్లు పుచ్చిపోతాయని లోకమంతా అంటుంటే, చెరకు పిప్పి పళ్లను ముత్యాలు చేస్తుందని ఆయన అన్నారు. అది నిరూపించడమే దీవెన థీసిస్. నలభై మంది గారపళ్లవాళ్లను పోగు చేసింది, చిట్టియ్య వాళ్లలో ఒకడు. ఇరవై మందికి బూడిద పేస్టు, ఇరవై మందికి బజారు పేస్టు. ఎవరికి ఏది ఇచ్చారో ఆయనకు తెలియదు. మొదట ఒకసారి, మూడు నెలలకు మరోసారి పళ్ల రంగు చూసి ఆయన మార్కులు వేయాలి.

రంగు పోల్చడానికి పసుపు నుంచి తెలుపు దాకా మెట్టుకొకటిగా పదహారు పింగాణీ పళ్లు గుచ్చిన కార్డు ఉంటుంది. మొదటిరోజు దీవెన అది అందిస్తే సొరుగులో పడేశారు.

"ముప్ఫై ఏళ్లుగా పళ్లు చూస్తున్నానమ్మా. నా కన్ను చాలు."

ఆ కన్ను మహా కఠినం. నలభై మందికీ అట్టడుగు మార్కులే పడ్డాయి. అసలు ఆ రోజుల్లో ఆయన కంటికి ఏదీ ఆనేది కాదు. తెల్లకోటు పసుపెక్కిందని మూడు లాండ్రీలు మార్చారు. తరవాత నెల రోజులు సెలవు పెట్టి కాశీ వెళ్లారు. తిరిగొచ్చి అందరికీ పూతరేకులు పంచారు. కాశీలో ఆత్రేయపురం పూతరేకులు ఎక్కడివని అడిగే ధైర్యం డిపార్టుమెంటులో ఎవరికుంది? అక్కడ ఏం వదిలేశారని మాత్రం అడిగారు. లాండ్రీవాళ్ల మీద కోపం అన్నారాయన. నిజంగానే వదిలేశారు.

ఇప్పుడు నలభైకి నలభై మందీ ఆరేసి మెట్లు ఎక్కి కూర్చున్నారు. అప్పుడూ ఇప్పుడూ తన ఫోన్‌తో తీసిన ఫొటోల్లో వీసమెత్తు తేడా లేదని దీవెన చూపిస్తే, మంచి ఫోన్ కొనుక్కోమన్నారు. బజారు పేస్టువాళ్లూ తెల్లబడ్డారని చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"పక్కన కూర్చున్నవాళ్లకి కూడా పనిచేసిందంటే మందు ఎంత గట్టిదో చూడు. అదే రాయి."

అది రాసి కింద తన పేరు పెట్టుకోవాలి. పెట్టుకుంటే పరీక్షకొచ్చే పెద్దలు మొహాన ఉమ్ముతారు. పెట్టుకోకపోతే థీసిస్ మీద ఆయన సంతకం పడదు, పరీక్ష మరో ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఆఖరి ఆశగా చిట్టియ్యను అద్దం ముందు నిలబెట్టి నిజం చెప్పమంది.

"నాకైతే అదే గార కనపడతందండి. పెద్ద డాక్టరు గారు తెల్లగున్నాయన్నారు కదండీ, ఉంటాయిలెండి."

ఆ రోజు నుంచి చిట్టియ్య దారినపోయేవాళ్లందరినీ చూసి పళ్లికిలిస్తున్నాడు.

దీవెనకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం రాయనని మొహానే చెప్పేద్దామని ఆదివారం చర్చి నుంచి నేరుగా చంద్రరావు గారింటికి వెళ్లింది. ఆయన లేరు. భార్య మాణిక్యాంబ గారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఏం మాట్లాడాలో తోచక, కాశీ యాత్ర బాగా జరిగిందా అని అడిగింది దీవెన.

"కాశీ ఎక్కడమ్మా, ఆ నెలంతా రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకుని నల్లద్దాలతో ఇంట్లోనే ఉన్నారు, అప్పటిదాకా పాలు కూడా పసుప్పచ్చగా కనపడేవట పాపం."